చిరునామాల పట్టిక నుంచి గుంపుల దాకా: అమ్మకందారు జాబితా చరిత్ర

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లోవాళ్ల సెల్‌ఫోన్లు అడిగి తీసుకుని, వారం రోజులుగా వచ్చిన ప్రకటనల మెసేజ్‌లను పక్కపక్కన పెట్టి చూడండి. నాన్నగారి ఫోనుకు ఇంటి రుణం గురించి వచ్చి ఉంటుంది. ఇంటర్ చదివే అక్క ఫోనుకు కోచింగ్ సెంటర్ల గురించి వచ్చి ఉంటుంది. అమ్మమ్మ ఫోనుకు మోకాళ్ల నొప్పుల మందు గురించి వచ్చి ఉండవచ్చు. ఇల్లు ఒక్కటే, చిరునామా ఒక్కటే. మెసేజ్‌లు మాత్రం వేరు వేరు.

వాటిని పంపినవాళ్లు మీ ఇంటికి ఎన్నడూ రాలేదు. మీవాళ్లను చూడలేదు. వాళ్ల దగ్గర ఉన్నదల్లా ఒక జాబితా. ఆ జాబితాను వాళ్లు గుంపులుగా విడగొట్టుకున్నారు, ఒక్కో గుంపుకు ఒక్కో మాట పంపారు. ఈ పద్ధతి కంప్యూటర్లతోనే పుట్టిందని చాలామంది అనుకుంటారు. దీని వెనుక దాదాపు 150 ఏళ్ల చరిత్ర ఉంది. అందులో చికాగో వ్యాపారులు ఉన్నారు, లండన్ పేదరికాన్ని లెక్కగట్టిన ఒక ఓడల యజమాని ఉన్నాడు, మన తపాలా శాఖ ఉంది. కోల్‌కతాలో మనుషుల కొలతలతో కుస్తీ పట్టిన ఒక భౌతిక శాస్త్ర అధ్యాపకుడు, ఆయన దగ్గర చేరిన ఒక తెలుగు యువకుడు కూడా ఉన్నారు. ఆ చరిత్రను ఇప్పుడు వరుసగా చూద్దాం.

జాబితాను ఎందుకు విడగొడతారు?

ముందు ఒక లెక్క చేద్దాం. ఖమ్మంలో ఒక బట్టల దుకాణం ఉందని ఊహించుకోండి. యజమాని దగ్గర 1,000 మంది ఖాతాదారుల పేర్లు, చిరునామాలు ఉన్నాయి. దసరాకు కొత్త సరుకు వచ్చిందని అందరికీ కార్డులు వేయాలనుకున్నాడు. అచ్చు, తపాలా కలిపి కార్డుకు 10 రూపాయలు అనుకుందాం. మొత్తం ఖర్చు 10,000 రూపాయలు.

ఆయన కాస్త ఆలోచించి ఒక ప్రశ్న వేసుకున్నాడు: "చివరిసారి ఎప్పుడు కొన్నారు?" గత మూడు నెలల్లో కొన్నవారు 200 మంది. ఏడాదిలోపు కొన్నవారు 300. అంతకుముందెప్పుడో కొన్నవారు 500. కార్డు వేస్తే మొదటి గుంపులో నూటికి 20 మంది, రెండో గుంపులో నూటికి ఆరుగురు, మూడో గుంపులో నూటికి ఒక్కరు వస్తారని పాత అనుభవం చెబుతోంది. అంటే 40, 18, 5. మొత్తం 63 మంది.

అందరికీ కార్డులు వేస్తే వచ్చిన ఒక్కొక్కరి మీద పడిన ఖర్చు సుమారు 159 రూపాయలు. మూడో గుంపును వదిలేస్తే ఖర్చు 5,000 రూపాయలు, వచ్చేవారు 58 మంది, ఒక్కొక్కరి మీద సుమారు 86 రూపాయలు. ఖర్చు సగమైంది, తగ్గింది అయిదుగురే.

ఇందులో మోసం ఏమీ లేదు. మంచి వ్యాపారి చేసే పనే ఇది. అయితే రెండు సంగతులు గమనించండి. మొదటిది, ఆ మూడు గుంపులు ఊళ్లో ముందే లేవు. యజమాని ప్రశ్న వేశాకే అవి పుట్టాయి. "ఏ రంగు చీర కొన్నారు?" అని అడిగి ఉంటే ఆ 1,000 మందే వేరే గుంపులయ్యేవారు. రెండోది, పిలుపు అందని 500 మందికి తాము ఒక గుంపులో ఉన్నామనీ, ఆ గుంపును వదిలేశారనీ తెలియదు. జాబితా కొందరిని పిలుస్తుంది, కొందరిని చెప్పకుండానే వదిలేస్తుంది. చీరల విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. బ్యాంకు రుణం, ఉద్యోగ ప్రకటన, అద్దె ఇల్లు అయితే? ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి. పాఠం చివర్లో దీని దగ్గరికి మళ్లీ వస్తాం.

తపాలాలో వచ్చిన అంగడి

1872లో చికాగోలో ఆరన్ మాంట్‌గోమరీ వార్డ్ అనే వ్యాపారి 163 వస్తువుల ధరలతో ఒకే ఒక్క కాగితం అచ్చు వేయించాడు. ఊళ్లలోని రైతులకు దాన్ని తపాలాలో పంపాడు. దుకాణం లేకుండా, కొనేవాడి ముఖం చూడకుండా అమ్మకం జరిగింది. కొనేవాడు కనిపించనప్పుడు అమ్మేవాడికి మిగిలే ఆస్తి అతని పేరు, చిరునామానే. తర్వాత వచ్చిన సియర్స్ రోబక్ కంపెనీ ఈ రహస్యాన్ని ఇంకా బాగా గ్రహించింది. 1905లో అది అయొవా రాష్ట్రంలోని తన మంచి ఖాతాదారులకు ఉత్తరాలు రాసింది. ఒక్కొక్కరికి 24 కేటలాగులు పంపుతాం, స్నేహితులకూ ఇరుగుపొరుగులకూ పంచండి, ఎవరికి ఇచ్చారో ఆ పేర్లు మాకు పంపండి అని కోరింది. ఆ కొత్తవారు సరుకు కొంటే పాతవారికి పొయ్యి, సైకిలు, కుట్టుమిషను వంటి బహుమతులు ఇచ్చింది.

ఆ పేర్లు ఇచ్చింది ఎవరు? పేరుగల మనిషి కాదు, అతని పొరుగువాడు. మనం ఒప్పుకోకుండానే మన పేరు ఇంకొకరి జాబితాలోకి చేరడం సెల్‌ఫోన్ల కాలంలో మొదలైన సంగతి కాదన్నమాట.

మన దేశంలో తపాలా శాఖ 1877లో వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టింది. పార్సిలు ఇంటికి వచ్చాక పోస్టుమ్యానుకు డబ్బు కట్టి తీసుకోవడం అన్నమాట. పుస్తకాలు, పంచాంగాలు, మందులు, గడియారాలు ఇలా ఊరూరికీ చేరాయి. తెలుగులో ఒక మంచి ఉదాహరణ ఉంది. మద్రాసులో కేసరి కుటీరం స్థాపించి స్త్రీల కోసం 'లోధ్ర' అనే మందు తయారుచేసిన డాక్టర్ కె.ఎన్. కేసరి, 1928లో స్త్రీల కోసం 'గృహలక్ష్మి' మాసపత్రిక ప్రారంభించారు. పత్రిక చదివేవారు, మందు అవసరమయ్యేవారు ఒకే వర్గం. పత్రిక చందాదారుల పట్టిక ఒక విధంగా ముందే విడగొట్టిన జాబితా. ఫలానా పత్రికకు చందా కట్టడమే ఫలానా గుంపులో చేరడం. తర్వాతి కాలంలో అనేక దేశాల్లో పత్రికల చందాదారుల పట్టికలు అమ్ముడుపోయే సరుకుగా మారడానికి కారణం ఇదే.

రేకు, కార్డు, రంధ్రం

పేర్లు వేలల్లో ఉన్నప్పుడు చేత్తో చిరునామాలు రాయడం గుమాస్తాలకు తలకు మించిన పని. 1890లలో అమెరికాలో జోసెఫ్ డంకన్ తయారుచేసిన అడ్రెసోగ్రాఫ్ అనే యంత్రం ఈ పనిని తేలిక చేసింది. తర్వాత వచ్చిన నమూనాల్లో ఒక్కో ఖాతాదారుడికి ఒక్కో లోహపు రేకు ఉండేది. రేకు అంచున చిన్న గుర్తులు తగిలిస్తే, యంత్రం ఆ గుర్తున్న రేకులను మాత్రమే ఎంచి అచ్చు వేసేది.

అంతకన్నా పెద్ద మార్పు జనాభా లెక్కల వల్ల వచ్చింది. 1890 అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డులను వాడాడు. ఒక మనిషికి ఒక కార్డు. వయసు, లింగం, వృత్తి, పుట్టిన చోటు, ఇలా ఒక్కో సంగతికి కార్డు మీద ఒక్కో స్థానంలో రంధ్రం. 6 కోట్లకు పైగా మనుషులు కార్డులయ్యారు.

ఇందులోని కిటుకు ఏమిటి? ఖాతా పుస్తకంలో పేర్లు ఒకే వరుసలో ఉంటాయి. అక్షర క్రమంలో రాస్తే అక్షర క్రమమే, ఊళ్ల వారీగా రాస్తే ఊళ్ల వారీగానే. వేరే వరుస కావాలంటే పుస్తకమంతా తిరిగి రాయాలి. కార్డులకు ఆ బాధ లేదు. ఈ రోజు వయసును బట్టి వేరుచేయవచ్చు, రేపు అవే కార్డులను వృత్తిని బట్టి వేరుచేయవచ్చు. పేరు ఒక వరుసకు కట్టుబడి ఉండటం పోయింది. అడిగిన ప్రశ్నకల్లా కొత్త గుంపు పుట్టడం మొదలైంది. హోలరిత్ కంపెనీ 1911లో మరికొన్నింటితో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అనే పేరు పొందింది. ఈనాటి కంప్యూటర్ డేటాబేసులో ఉన్న అడ్డువరుసలు, నిలువువరుసలు ఆ కార్డుల సంతానమే.

ఎక్కడ ఉంటావో చెప్పు, ఎవరివో చెబుతాను

మనిషి గురించి అన్ని సంగతులూ సేకరించడం కష్టం. అతను ఉండే వీధి తెలిస్తే చాలదా? ఈ ఆలోచన అమ్మకందారుల బుర్రలో పుట్టింది కాదు. 1886లో చార్లెస్ బూత్ అనే ఓడల యజమాని లండన్ ప్రజల బతుకులను పరిశోధించడం మొదలుపెట్టాడు. వీధివీధినీ పరిశీలించి, 1889 నుంచి ప్రచురించిన పటాల్లో ఒక్కో వీధికి ఒక్కో రంగు వేశాడు. మొత్తం ఏడు రంగులు. సంపన్నులకు పసుపుపచ్చ, అట్టడుగువారికి నలుపు. లండన్‌లో నూటికి సుమారు 30 మంది పేదరికంలో ఉన్నారని తేల్చాడు. ఆ రోజుల్లో అది సంచలనం. పేదల కష్టం అంకెల్లో కనిపించింది. అదే పటంలో నల్ల వీధులవాళ్లందరినీ ఆయన నేరస్వభావం కలవారి కింద జమకట్టాడు. ఆ వీధిలో ఉండే నిజాయితీపరుడైన కూలీకి ఆ రంగు గురించి మాట్లాడే అవకాశం లేదు.

వీధి రంగులు సంఖ్యలుగా మారడానికి తపాలా శాఖలు తోడ్పడ్డాయి. ఉత్తరాలు త్వరగా వేరుచేయడం కోసం అమెరికా 1963 జులై 1న అయిదంకెల జిప్ కోడ్ తెచ్చింది. మన దేశంలో 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడు వచ్చింది. దీన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ అధికారి, సంస్కృత కవి కూడా. ఒకే పేరుగల ఊళ్లు, రకరకాల లిపుల్లో రాసిన చిరునామాలు మన దేశంలో తపాలా సార్టర్లను తికమకపెట్టేవి. పిన్‌కోడులో మొదటి అంకె జోన్‌ను చెబుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు ఆ అంకె 5. మొదటి మూడంకెలు ఉత్తరాలు వేరుచేసే జిల్లాను, చివరి మూడంకెలు పోస్టాఫీసును చెబుతాయి. 500001 అంటే హైదరాబాదు, 530001 అంటే విశాఖపట్నం.

ఉత్తరం కోసం పుట్టిన అంకె మనిషికి అంటుకుంది. 1970లలో అమెరికాలో జొనాథన్ రాబిన్ అనే సామాజిక శాస్త్రవేత్త తన క్లారిటాస్ కంపెనీ ద్వారా జిప్ కోడ్‌లనూ జనాభా లెక్కలనూ కలిపాడు. ఇల్లు సొంతమా అద్దెదా, చదువెంత, ఆదాయమెంత, ఇలాంటి అంకెలను బట్టి దేశంలోని సుమారు 36,000 జిప్ కోడ్‌లను 40 రకాలుగా విభజించాడు. ఈ పద్ధతికి ప్రిజ్మ్ అని పేరు. ఒక్కో రకానికి 'బ్లూ బ్లడ్ ఎస్టేట్స్', 'షాట్‌గన్స్ అండ్ పికప్స్' వంటి చిత్రమైన పేర్లు పెట్టారు. ఒక గూటి పక్షులు ఒక రకం గింజలే తింటాయన్నది దీని వెనుక ఉన్న నమ్మకం. కార్లు, పత్రికలు, సబ్బులు అమ్మేవారందరికీ ఇది పనికివచ్చింది. బ్రిటన్‌లో రిచర్డ్ వెబర్ చేసిన పని ఇంకా ఆసక్తికరం. లివర్‌పూల్‌లో వెనుకబడిన పేటలకు ప్రభుత్వ సాయం ఎక్కడ అవసరమో గుర్తించడానికి ఆయన పేటలను వర్గీకరించాడు. ఆ పద్ధతే కొద్దికాలానికి ఏకార్న్ అనే పేరుతో అమ్మకందారుల చేతికి వచ్చింది. సాయం చేయడానికి గీసిన పటం సరుకు అమ్మడానికీ పనికివచ్చింది. పనిముట్టుకు తన యజమాని ఎవరో తెలియదు.

కోల్‌కతాలో పుట్టిన దూరం

40 రకాలు అన్నాం. ఏ రెండు పేటలు ఒకదానికొకటి దగ్గర, ఏవి దూరం అని ఎలా తేలుస్తారు? ఈ దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు. దీన్ని అర్థం చేసుకోవాలంటే అమెరికా నుంచి మన దేశానికి, సుమారు యాభై ఏళ్లు వెనక్కి రావాలి.

1920లో నాగపూర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో నెల్సన్ అనండేల్ అనే జంతుశాస్త్రవేత్త, ప్రెసిడెన్సీ కళాశాల భౌతిక శాస్త్ర అధ్యాపకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్‌కు ఒక సమస్య ఇచ్చాడు. కోల్‌కతాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు తన దగ్గర ఉన్నాయి, వాటిని విశ్లేషించాలి. ఒక మనిషికి ఎత్తు, తల పొడవు, ముక్కు పొడవు, ఇలా ఎన్నో కొలతలు. ఎత్తులో 5 సెంటీమీటర్ల తేడా పెద్దదా, ముక్కులో 5 మిల్లీమీటర్ల తేడా పెద్దదా? పైగా పొడవైనవాడికి చేతులూ పొడవుగానే ఉంటాయి. ఎత్తు, చేతుల పొడవు రెండింటినీ విడివిడిగా లెక్కిస్తే ఒకే తేడాను రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. ఈ చిక్కులన్నీ సరిచేసి రెండు సమూహాల మధ్య దూరాన్ని కొలిచే సూత్రాన్ని మహలనోబిస్ 1936లో ప్రచురించారు. ప్రపంచమంతా దాన్ని నేటికీ మహలనోబిస్ దూరం అంటోంది. అప్పటికే, 1931లో, ఆయన కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు.

అక్కడికి చేరిన తెలుగు యువకుడు కల్యంపూడి రాధాకృష్ణ రావు. మనందరికీ తెలిసిన సి.ఆర్. రావు. 1920లో హడగళిలో పుట్టి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివారు. 1946లో ఇన్‌స్టిట్యూట్ ఆయనను కేంబ్రిడ్జికి పంపింది. అక్కడి మ్యూజియంలో సూడాన్ తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషిస్తూ, ఆర్.ఎ. ఫిషర్ పర్యవేక్షణలో పరిశోధన చేశారు. 1948లో ఆయన ప్రచురించిన వ్యాసం ఒక ప్రశ్నకు జవాబు చెబుతుంది: అనేక సమూహాలు ఉన్నప్పుడు, కొత్తగా వచ్చిన ఒక వ్యక్తి ఏ సమూహానికి చెందుతాడని నిర్ణయించాలి? ఈనాడు కంప్యూటరు ఒక కొత్త ఖాతాదారుణ్ణి గుంపులో చేర్చేటప్పుడు వేసుకునే ప్రశ్న కూడా ఇదే. ఎముకల కొలతల బదులు వయసు, నెలకు చేసే కొనుగోలు, చివరిసారి కొని ఎన్ని రోజులైంది అనే అంకెలు వచ్చాయి, అంతే. రావు ఈ లెక్కల్లో సందేహ మండలాన్ని కూడా గుర్తించారు. కొలతలు రెండు సమూహాలకూ సమానంగా సరిపోతే తేల్చి చెప్పకూడదని దాని అర్థం. గొప్ప శాస్త్రవేత్త తన సూత్రానికి హద్దు కూడా చెబుతాడు. అమ్మకందారు జాబితాలో "చెప్పలేం" అనే గడి కనిపించడం అరుదు. సి.ఆర్. రావు 2023లో, 102 ఏళ్ల వయసులో మరణించారు.

కంప్యూటర్లు వచ్చాక గుంపులను కనుక్కోవడం కూడా యంత్రానికే వదిలారు. 1967లో జేమ్స్ మెక్వీన్ కె-మీన్స్ అని పేరు పెట్టిన పద్ధతి చాలా సులువు. ముందు కొన్ని కేంద్రాలు ఎంచుకోండి. ఒక్కొక్కరినీ దగ్గరి కేంద్రంలో చేర్చండి. చేరినవారి సగటును కొత్త కేంద్రంగా తీసుకోండి. ఎవరూ గుంపు మారని స్థితి వచ్చేదాకా ఇలాగే చేస్తూ పోండి. యంత్రమే చేసింది కాబట్టి ఇందులో మనిషి ప్రమేయం లేదనిపిస్తుంది. కానీ ఎన్ని గుంపులు కావాలో చెప్పింది మనిషే. ఏ ఏ కొలతలు తీసుకోవాలో చెప్పిందీ మనిషే.

మీ ఇల్లు ఏ తరగతి?

1956లో వెండెల్ స్మిత్ ఒక వ్యాసంలో సంతను భాగాలుగా చూడటం గురించి రాసిన తర్వాత, ప్రకటనల లోకంలో ఈ ఆలోచన పాఠ్యాంశమైంది. మన దేశంలో టెలివిజన్ ఇంటింటికీ విస్తరిస్తున్న 1988లో మార్కెట్ పరిశోధకులు ఒక వర్గీకరణ తయారుచేశారు. ఇంట్లో ప్రధానంగా సంపాదించేవారి చదువేమిటి, వృత్తి ఏమిటి అన్న రెండే ప్రశ్నలతో పట్టణాల ఇళ్లను ఎ1 నుంచి ఇ2 వరకు విభజించారు. ఏ కార్యక్రమాన్ని ఏ తరగతి ఇళ్లు చూస్తున్నాయో లెక్కగట్టి ప్రకటనలు ఇచ్చారు.

2011లో ప్రశ్నలు మారాయి. వృత్తి పోయింది. చదువుతోపాటు ఇంట్లో ఉన్న వస్తువుల సంఖ్య వచ్చింది. విద్యుత్తు, ఫ్యాను, గ్యాసు పొయ్యి, రంగుల టీవీ, ఫ్రిజ్, కారు, సాగుభూమి వంటి 11 అంశాల పట్టిక అది. ఇప్పుడు 12 మెట్లు. ఆ తర్వాత వచ్చిన వర్గీకరణలో వస్తువులు పోయి, వృత్తి తిరిగి వచ్చింది. దాంతోపాటు ఇంట్లో అందరికన్నా ఎక్కువ చదివిన పురుషుడి చదువు, అందరికన్నా ఎక్కువ చదివిన స్త్రీ చదువు చేరాయి.

ఒక ఇంటిని ఊహించండి. తండ్రి టైలరు, పదో తరగతి వరకు చదివాడు. కూతురు ఎం.ఎస్సీ. మొదటి పద్ధతిలో ఆ కూతురు చదువు లెక్కలోకే రాదు. మూడో పద్ధతిలో ఆమె వల్ల ఆ ఇంటి తరగతి మారిపోతుంది. ఇల్లు మారలేదు, మనుషులు మారలేదు. ప్రశ్న మారింది.

ఉత్తరం నుంచి ఈ-మెయిల్‌కు

1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్, ఇంటర్నెట్‌కు ముందున్న అర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. అచ్చయిన డైరెక్టరీ నుంచి అమెరికా పశ్చిమ తీరంలో ఉన్నవారి పేర్లు మాత్రం ఏరించాడు. కొత్త కంప్యూటరు ప్రదర్శన జరిగేది అక్కడే మరి. చిరునామాలు ఎక్కువై, వాటికి కేటాయించిన చోటు చాలక, ఉత్తరం లోపలికి పొంగిపొర్లాయట. చాలామంది కోప్పడ్డారు, కొందరు కంప్యూటర్లు కొన్నారు. ఎలక్ట్రానిక్ తపాలాలో అవాంఛిత ప్రకటనల చరిత్ర ఇక్కడే మొదలవుతుంది.

కార్డుకు 10 రూపాయలు ఉన్నంతకాలం ఖర్చే ఒక అదుపు. ఈ-మెయిల్‌తో ఆ ఖర్చు దాదాపు సున్నా అయింది. దాంతో జాబితాలు విపరీతంగా పెరిగాయి. 2018లో బయటపడిన కేంబ్రిడ్జ్ ఎనలిటికా వ్యవహారంలో ప్రపంచవ్యాప్తంగా 8.7 కోట్ల వరకు ఫేస్‌బుక్ సభ్యుల సమాచారం రాజకీయ ప్రచార సంస్థకు చేరి ఉండవచ్చని తేలింది. ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం భారతదేశంలో ఆ యాప్‌ను పెట్టుకున్నవారు 335 మంది మాత్రమే. యాప్ వాడినవారికి స్నేహితులైన పాపానికి ఆ పరిధిలోకి వచ్చిన భారతీయులు 5,62,120 మంది. 1905 నాటి అయొవా రైతులు గుర్తుకొచ్చారా? పేరు ఇచ్చింది మళ్లీ పొరుగువాడే. ఈసారి ఇస్తున్నానని అతనికీ తెలియదు.

ముప్పై మూడు ప్రశ్నలు

ఇప్పుడు ఒక చిన్న గణితం. అవును, కాదు అని జవాబు చెప్పగల ఒక ప్రశ్న జాబితాను రెండు గుంపులు చేస్తుంది. రెండు ప్రశ్నలు నాలుగు గుంపులు, మూడు ప్రశ్నలు ఎనిమిది. పది ప్రశ్నలకు 1,024. ముప్పై మూడు ప్రశ్నలకు 858 కోట్లకు పైగా. భూమి మీద ఉన్న జనాభా అంతకన్నా తక్కువే. ప్రశ్నలు సరిగ్గా ఎంచుకుంటే 33 జవాబులతో ప్రపంచంలోని ప్రతి మనిషినీ వేరుగా గుర్తించవచ్చు. గుంపు చిన్నదవుతూ అవుతూ చివరికి ఒక్క మనిషి మిగులుతాడు.

ఇది ఊహ కాదు. 1990లలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు, పేర్లు తీసేసి ఇచ్చిన ఆసుపత్రి రికార్డుల నుంచి మసాచుసెట్స్ గవర్నరు రికార్డును గుర్తుపట్టి చూపించింది. ఆమె వాడినవి జిప్ కోడ్, పుట్టిన తేదీ, లింగం. ఈ మూడూ తెలిస్తే అమెరికా జనాభాలో నూటికి 87 మందిని విడిగా గుర్తించవచ్చని ఆమె 2000లో లెక్కగట్టింది. పేరు లేదు కాబట్టి భయం లేదు అనుకోవడం సరికాదని అప్పుడు లోకానికి అర్థమైంది.

వదిలేసినవారి మాట

మొదట్లో గుర్తుంచుకోమన్న ప్రశ్న దగ్గరికి వద్దాం. పిలుపు అందనివారి సంగతేమిటి? 1930లలో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల పేటలను నాలుగు శ్రేణులుగా విభజించి పటాలు గీయించింది. రుణం ఇవ్వడం ప్రమాదకరమని భావించిన పేటలకు ఎర్ర రంగు. నల్లజాతివారు నివసించే పేటలు దాదాపు అన్నీ ఎరుపులోనే పడ్డాయి. పేటను చూసి రుణం నిరాకరించే ఆచారానికి రెడ్‌లైనింగ్ అన్న పేరు తర్వాత స్థిరపడింది. ఇల్లు కొనలేనివారి పిల్లలకు ఆస్తి మిగలలేదు. 1968లో చట్టం దీన్ని నిషేధించింది. అయినా అరవై ఏళ్లు కూడా గడవకముందే వేరే రూపం కనిపించింది. ఇళ్లు, ఉద్యోగాలు, రుణాల ప్రకటనలు ఎవరికి కనిపించాలో, ఎవరికి కనిపించకూడదో ఎంచుకునే వీలు ఫేస్‌బుక్‌లో ఉందని పౌరహక్కుల సంఘాలు కోర్టుకెక్కాయి. 2019లో కుదిరిన ఒప్పందంతో అమెరికాలో ఆ మూడు రకాల ప్రకటనలను వయసు, లింగం, జిప్ కోడ్‌లను బట్టి ఎంచి చూపడం మానేస్తామని ఆ సంస్థ అంగీకరించింది. గమనించండి, ఉద్యోగ ప్రకటన కనిపించనివాడు దరఖాస్తు పెట్టలేదు కాబట్టి తిరస్కరణ ఉత్తరం కూడా రాదు. అందుకే ఈ నష్టాన్ని పట్టుకోవడం కష్టం.

మన దేశంలో ఏం జరిగింది? 2007లో వ్యాపార కాల్స్ వద్దనుకునేవారి కోసం జాతీయ రిజిస్టరు మొదలైంది. 2010 నాటి ట్రాయ్ నిబంధనలు ఒక ముచ్చటైన పని చేశాయి. బ్యాంకింగ్, స్థిరాస్తి, విద్య, ఆరోగ్యం వంటి ఏడు వర్గాలుగా ప్రకటనలను విడగొట్టి, 1909 నంబరుకు చెప్పి ఏది కావాలో ఏది వద్దో ఎంచుకోమన్నాయి. చరిత్రలో అమ్మేవాడు కొనేవాణ్ణి గుంపులు చేశాడు. ఇక్కడ కొనేవాడు అమ్మేవాణ్ణి గుంపులు చేశాడు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు ప్రకటించి, దశలవారీ అమలుకు గడువులు పెట్టారు. మన సమాచారం దేనికి వాడుతున్నారో చెప్పి అనుమతి తీసుకోవాలని, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చని ఆ చట్టం అంటుంది. 18 ఏళ్లలోపు పిల్లల ప్రవర్తనను గమనిస్తూ వారికి గురిపెట్టి ప్రకటనలు చూపకూడదని కూడా అంటుంది. మీలో చాలామందికి ఇది నేరుగా వర్తిస్తుంది.

వర్గీకరణ చెడ్డది కాదు. అది లేకపోతే వైద్యం లేదు, వృక్షశాస్త్రం లేదు, తపాలా బట్వాడా కూడా లేదు. మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే. ఏ జాబితాను చూసినా, దాన్ని ఏ ప్రశ్న విడగొట్టిందో, ఆ ప్రశ్న ఎవరు వేశారో, జవాబు ఎవరు చెప్పారో, ఎవరు మిగిలిపోయారో అడగండి. రేపు మీలో కొందరు కంప్యూటరు ముందు కూర్చుని ఇలాంటి జాబితాలు తయారుచేస్తారు. అప్పుడు సి.ఆర్. రావుగారి సందేహ మండలానికి కూడా ఒక గడి ఉంచండి.

ఆలోచించండి, చేసి చూడండి

1. మీ తరగతిలోని విద్యార్థుల పేర్లు రాసి, మూడు వేర్వేరు ప్రశ్నలతో మూడుసార్లు గుంపులు చేయండి. మీరు, మీ స్నేహితుడు లేదా స్నేహితురాలు మూడుసార్లూ ఒకే గుంపులో పడ్డారా?

2. ఖమ్మం బట్టల దుకాణం లెక్కలో కార్డు ధర 10 రూపాయల బదులు 10 పైసలైతే యజమాని మూడో గుంపును వదిలేస్తాడా? ఖర్చు తగ్గడం వల్ల లాభపడేది ఎవరు, విసిగేది ఎవరు?

3. మీ పిన్‌కోడు పరిధిలో ఉన్న రెండు వీధుల పేర్లు రాయండి. ఆ రెండు వీధులవారి జీవితాలు ఒకలాగే ఉంటాయా? పిన్‌కోడును మాత్రమే చూసి నిర్ణయం తీసుకుంటే ఎవరికి అన్యాయం జరుగుతుంది?

4. మీ ఫోన్లో ఉన్న నంబర్లలో ఎన్ని మీకు ఆ వ్యక్తులు స్వయంగా ఇచ్చినవి? ఒక యాప్ ఆ జాబితాను చూడటానికి అనుమతి అడిగితే, మీరు ఎవరి తరఫున జవాబు చెబుతున్నట్లు?